నేసిన తర్వాత గంజి

లెక్కలు దిద్దడం నయం. తప్పయితే తప్పు, ఒప్పయితే ఒప్పు. ఎర్రగీత ఒకటి గీసి ముందుకు పోవచ్చు. పిల్లల చేత ఏదైనా చదివించి, అది ఎంతవరకు తలకెక్కిందో తెలుసుకోవడానికి రాయించే జవాబులు మాత్రం అట్లా లొంగవు. ఒక్కొక్క కాగితం ముందు పెట్టుకుని, ఈ నాలుగు ముక్కలు అర్థమై రాసినవా, అర్థం కాక రాసినవా అని తల పట్టుకోవాలి. ముప్పై ఏళ్ళకు పైగా ఆ పని చేశాను. ఒక్కసారి కూడా సంతోషంగా చేసినట్టు గుర్తులేదు. ఆ పనికి ఓపిక కావాలి, నాకేమో అది మొదటినుంచీ తక్కువ.

రెండో ప్రపంచయుద్ధం నడుస్తున్న రోజుల్లో అమీర్‌పేటలో ఒక ప్రైవేటు తెలుగు బడిలో చేరాను. ఏడో తరగతి నా చేతికిచ్చారు. బడి అంటే పెంకుటింట్లో నాలుగు గదులు, ముందొక వసారా. సర్కారు బళ్ళలో చదువంతా ఉర్దూలో సాగేది. ఇక్కడి పిల్లలు తెలుగులో చదువుకోవాలని పట్టుబట్టి ఒక వకీలుగారు ఈ బడి నడిపేవారు. ఆయన బందరు వైపు మనిషి. పంజాగుట్టలో బంగళా ఉండేది. బడికి కార్యదర్శి ఆయనే, తనిఖీ చేసేదీ ఆయనే. చెడ్డవాడని అంటే కళ్ళు పోతాయి, ఆయన లేకపోతే ఆ బడే లేదు. అయితే తను రాసింది తప్పు కావచ్చునన్న అనుమానం ఆయనకు జన్మలో ఒక్కసారి కూడా వచ్చి ఉండదు.

ఏడో తరగతి చివర ఆయన ఒక ప్రత్యేకమైన పరీక్ష పెట్టేవారు. కథ కాదు, పద్యం కాదు, ఏదో ఒక సంగతి వివరించే పాఠం. పిల్లలు అప్పుడే మొదటిసారి చూడాలి, చదివి ప్రశ్నలకు సొంత మాటల్లో జవాబులు రాయాలి. అందులో గట్టెక్కినవాళ్ళకే నగరంలో హైస్కూలుకు బడి తరఫున చిట్టీ ఇచ్చేవారు. చిట్టీ లేకపోతే చదువు అక్కడితో సరి. ఆలోచన మంచిదే, ఇప్పటికీ అంటాను. వచ్చిన చిక్కంతా దాన్ని నడిపిన మాతోనే.

కాగితం కరువు రోజులు. పాఠం అచ్చు వేయించే మాటే లేదు. నేను బోర్డు మీద రాయాలి, పిల్లలు అరగంట చదవాలి, తర్వాత చూసి ఎక్కించకుండా బోర్డు మీద దుప్పటి కప్పేయాలి. దుప్పటి ఉపాయం నాదే. వకీలుగారు మెచ్చుకున్నారు కూడా. నేను పొంగిపోయాను.

ఆ ఏడు ఆయన రాసిచ్చిన పాఠం బట్ట ఎట్లా తయారవుతుందన్నది. పత్తి నుంచి మొదలుపెట్టి, గింజ తీయడం, వడకడం, రంగు, మగ్గం, అన్నీ వరసగా ఉన్నాయి. దానితో పాటు ప్రశ్నలు, వాటికి రావలసిన జవాబులు కూడా తన చేత్తోనే రాసి ఇచ్చారు. పరీక్ష రోజు పొద్దున సుద్దముక్క పట్టుకుని బోర్డు మీద ఎక్కిస్తూ పోతున్నాను. చివరి పేరాలో ఈ వాక్యాలు వచ్చాయి: "నేసిన తర్వాత బట్టకు గంజి పెట్టి ఆరవేయుదురు. దానివలన బట్టకు మెరుపు కలుగును."

నా చెయ్యి ఆగిపోయింది.

నేను నేతగాడి కొడుకుని. మా ఊళ్ళో తెల్లవారకముందే వీధి పొడుగునా పడుగు సాచి కట్టేవాళ్ళు. పడుగంటే మగ్గం మీద నిలువుగా ఉండే దారాలు. వాటికి గంజి పట్టించి, ఒకవైపు మా నాయన, ఒకవైపు మా పెదనాయన పెద్ద కుంచెలతో దువ్వుకుంటూ పోయేవాళ్ళు. ఎండ ముదిరేలోపల అయిపోవాలి. పోగులు తెగిన చోటల్లా నేను ముడి వేయాలి. గంజి తాగని దారం మగ్గం మీద నాలుగు దెబ్బలకు కూడా ఆగదు. అంటే గంజి నేతకు ముందే, అదీ దారం తెగకుండా ఉండటానికి. వకీలుగారికి తెలిసిన గంజి చాకిరేవు నుంచి వచ్చే గంజి. చలువ చొక్కా తొడుక్కున్న మనిషికి అట్లాగే తోస్తుంది మరి.

ఇదంతా నాకు తెలుసు. తెలిసే, ఆ వాక్యాలు ఉన్నవి ఉన్నట్టు బోర్డు మీద రాశాను. ఎందుకంటే ఉద్యోగంలో చేరేటప్పుడు, మీ నాన్నగారు ఏం చేస్తారని ఆయన అడిగితే, బట్టల వ్యాపారమండీ అన్నాను. నేత పని అనడానికి నోరు రాలేదు. ఒకసారి అట్లా అన్న తర్వాత ఇక గంజి సంగతి నాకెట్లా తెలుస్తుంది? చెయ్యి మళ్ళీ కదిలింది. ఆ తొందరలో ఆ తర్వాతి వాక్యంలో "నూలు" అన్న మాట రెండుసార్లు రాశానని తర్వాత గాని చూసుకోలేదు.

పిల్లలకు చెప్పాను: "బాగా చదవండి. చదివింది మీ సొంత మాటల్లో రాయండి."

ముందు బల్ల మీది పిల్లవాడు లేచి, "సొంత మాటలంటె ఏవి సారూ? ఇంట్ల మాట్లాడేటియా?" అని అడిగాడు.

అవునని గాని కాదని గాని నేను చెప్పేలోపే పక్కవాడు అందుకున్నాడు. "గవి రాస్తె పాత సారు తొడపాశం పెడ్తుండె సారూ."

కూర్చోండి అని గదమాయించాను.

ఆదివారం మధ్యాహ్నం పంజాగుట్టలో నా గది ముందు అరుగు మీద కూర్చుని దిద్దడం మొదలుపెట్టాను. మా నాయన నా దగ్గరే ఉండేవాడు. యుద్ధంతో నూలు దొరక్క మగ్గం మూలపడింది. ఆయన్ని తెచ్చి ఇక్కడ కూర్చోబెట్టాను. చేతిలో పని లేకపోయినా ఆయన బొటనవేలు, చూపుడువేలు ఒకదానిమీద ఒకటి తిరుగుతూనే ఉండేవి, తెగిన పోగు అతుకుతున్నట్టు. ఆ వేళ్ళు చూస్తే నాకు ప్రాణం విలవిలలాడేది. కోపం కూడా వచ్చేది, ఎవరిమీదో తెలియదు.

మొదటి కాగితం దిద్దాను. బాగుంది. రెండోది దిద్దాను. అదే. మూడోది, నాలుగోది, అక్షరం పొల్లుపోకుండా అదే. దుప్పటి కప్పి ఏం లాభం? ఆ అరగంటలో పిల్లలు పాఠం మొత్తం బట్టీ పట్టేశారు. నేను పొరపాటున రెండుసార్లు రాసిన "నూలు నూలు" కూడా ప్రతి కాగితంలోనూ రెండుసార్లు ఉంది. ఒక మహానుభావుడు పైన "నా సొంత మాటలు" అని రాసి, కింద గీత గీసి, ఆ కింద వకీలుగారి పాఠం పూర్తిగా దించాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. వీళ్ళకు అర్థమైందా, కాలేదా? ఎట్లా తెలుస్తుంది? మార్కులు మాత్రం వేయక తప్పదు. వకీలుగారి జవాబులతో పోలిస్తే అందరివీ నూటికి నూరుపాళ్ళు సరిపోతున్నాయి.

ఇప్పుడు అమీర్‌పేటలో ఆ వైపు నడిస్తే మేడ మేడకూ కోచింగు సెంటర్ల బోర్డులే. గుంపులు గుంపులుగా పిల్లలు కాగితాలు పట్టుకుని పెదవులు కదుపుతూ పోతుంటారు. చూసినప్పుడల్లా నాకు ఆ ఆదివారమే గుర్తొచ్చి ఒళ్ళు మండుతుంది.

నేను పైకి గొణుక్కుంటూ చదువుతున్నానేమో, మా నాయన అన్నాడు: "ఏంది బిడ్డా, ఒక్కటే మాట మల్ల మల్ల అంటున్నవ్? జపం చేస్తున్నవా?"

"నా ఖర్మ నాయినా," అన్నాను.

సగం అయ్యేసరికి నేనొక అడ్డదారి పట్టాను. ప్రతి జవాబూ ఒకే వాక్యంతో మొదలవుతోంది కదా అని మొదటి వాక్యం వదిలేసి తర్వాతి దాన్నుంచి చదవసాగాను. పని చకచకా సాగింది. అట్లా సాగుతుండగా ఒక కాగితం దగ్గర కన్ను తట్టుకుంది. గంజి ఎప్పుడు పెడతారు, ఎందుకు అన్న ప్రశ్నకు జవాబు ఇట్లా ఉంది: "కని మా ఇంట్ల ముందుగాల పడుగుకు పెడ్తుండిరి. గంజి లేకుంటె పోగులు తెగుతయి."

ఎవరిదా అని చూశాను. తరగతిలో ఆడపిల్లలు ముగ్గురే. వాళ్ళలో ఒకతె, బడి సందు మలుపులో మిషను పెట్టుకున్న దర్జీ కూతురు. వాళ్ళదీ మా వైపు నేత కుటుంబమే. మగ్గం విడిచి వచ్చి బట్టలు కుట్టుకుంటున్నారు. దర్జీ పరీక్షకు ముందే నాతో తెగేసి చెప్పాడు: "సారూ, గీ పరీక్ష పాసయితె సదివిపిస్త. లేకుంటె నా పక్కన కూసుండి కాజాలు కుడ్తది. మల్ల నన్ను అడగొద్దు."

ఆ సంగతి నాకు ఆ క్షణంలో గుర్తుంది. ఆ పిల్ల రాసింది నిజమనీ తెలుసు. అయినా ఏం చేశానో చెప్తాను. వకీలుగారి జవాబు పక్కన పెట్టుకుని, అడిగింది పాఠంలో ఏముందని గాని మీ ఇంట్లో ఏం చేస్తారని కాదు కదా అని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. ఆయన కాగితాలు తిరగేసి చూస్తారన్న భయం ఒకటి. ఇంటు పెట్టాను. అంతటితో ఊరుకోలేదు. మధ్యాహ్నం నుంచి పేరుకున్న విసుగంతా ఆ పిల్ల మీద చూపించాను. పక్కన ఎర్రసిరాతో, "పాఠం చదవకుండా రాసినది" అని రాశాను.

ఆ ఇంటుతోనే పిల్ల తప్పింది. మార్కుల పట్టీ, కాగితాల కట్ట బడి బంట్రోతు చేత వకీలుగారికి పంపాను, ఆయన పట్టీ మీద సంతకం పెట్టారు, రెండూ తిరిగి వచ్చాయి. కాగితాలు పిల్లలకు ఇచ్చేశాను. ఆ పిల్ల తన కాగితం తీసుకుని, చూసుకుని వెళ్ళి, మూడు రోజులు బడికి రాలేదు. నాలుగో రోజు వచ్చి కాగితం నా బల్ల మీద పెట్టింది. తండ్రి చూశాడనడానికి గుర్తుగా కాగితాలన్నీ వేలిముద్రో సంతకమో వేయించి తేవాలన్నది బడి కట్టుబాటు. కింద దర్జీ వేలిముద్ర ఉంది.

సాయంత్రం దాన్ని గదికి తెచ్చాను. మా నాయన చూసి, "గీ ఒక్కదాని మీద ఎర్రగ అంత రాసినవేంది?" అన్నాడు. ఆయనకు అక్షరం రాదు. ఏముందో చదవమన్నాడు. చదివాను. పైకి చదవాలి గనక మొదటి వాక్యం నుంచి చదివాను.

"నేసినంక బట్టకు గంజి పెడ్తరని, మెరుపు కొరకని బోర్డు మీద ఉన్నది. కని మా ఇంట్ల ముందుగాల పడుగుకు పెడ్తుండిరి. గంజి లేకుంటె పోగులు తెగుతయి. నేసినంక పెట్టేది బట్టలుతికేటోళ్లు."

మొదటి వాక్యంలోనే ఉంది. పాఠంలో ఏముందో రాసింది. అది ఎక్కడ తప్పో రాసింది. ఎందుకు తప్పో, ఆ పొరపాటు ఎక్కడినుంచి వచ్చి ఉంటుందో కూడా రాసింది. తరగతిలో పాఠం చదివినది ఈ పిల్ల ఒక్కతే. చదవంది నేను.

మా నాయన వేళ్ళు ఆగిపోయాయి. "మంచిగనే రాసింది గద," అన్నాడు. "పాఠం రాసినాయన బట్ట కట్టుకున్నడు గని నేసుడు సూడలే. ఇంటు ఎవరు పెట్టిన్రు?"

నేనే అన్నాను. ఆయన నన్ను తిట్టి ఉంటే బాగుండేది. లేచి లోపలికి వెళ్ళిపోయాడు.

మర్నాడు బడి వదలగానే కాగితం పట్టుకుని వకీలుగారి బంగళాకు వెళ్ళాను. వరండాలో పడక కుర్చీలో ఉన్నారు.

"ఏంటి మాస్టారూ, ఇలా వచ్చారు?" అంటూ కాగితం అందుకుని చదివారు. "ఈ తెలుగేంటండీ? నేసినంక ఏంటి, కొరకని ఏంటి?"

"భాష సంగతి వదిలేయండి. జవాబు సరైనదేనండీ. నేనే మొదటి వాక్యం చూడకుండా దిద్దాను. పాఠంలో ఉన్నది రాసి, తనకు తెలిసింది కూడా..."

"తనకు తెలిసిందంటే? పాఠం తప్పంటోందా?"

"గంజి నేతకు ముందే పెడతారంటారండీ."

"ఎవరంటారు?"

అదీ ప్రశ్న. మా నాయన అంటాడు, నేనూ అంటాను, పదేళ్ళు పడుగు పక్కన నిలబడి ముడులు వేశాను అని ఒక్క మాట అంటే అయిపోయేది. ఆయన నన్ను కొట్టడు, చంపడు. మహా అయితే, మరి బట్టల వ్యాపారమన్నారే అంటాడు. ఆ ఒక్క మాట పడటానికి నాకు ధైర్యం చాలలేదు.

"ఎవరో అన్నారండీ," అన్నాను.

"ఎవరో అన్నదానికి మార్కులు మార్చుకుంటూ పోతే పరీక్ష దేనికండీ? పైగా పట్టీ మీద సంతకం కూడా అయిపోయింది." కాగితం తిరిగి ఇచ్చారు. మంచినీళ్ళు తాగి వెళ్ళమన్నారు. తాగి వచ్చాను. ఆ నీళ్ళు ఎందుకు తాగానా అని ఇప్పటికీ సిగ్గేస్తుంది.

అటునుంచి అటే దర్జీ దగ్గరకు పోయాను. పిల్ల అక్కడే ఉంది. తండ్రి పక్కన పీట మీద కూర్చుని చొక్కాకు కాజాలు కుడుతోంది. నన్ను చూసి లేచి నిలబడింది. చేతిలో సూది అట్లాగే ఉంది.

"అన్నా, ఇంకొక్క ఏడు చదవనియ్యి," అన్నాను.

"మీరే గద సారూ, పాఠం సదవకుండ రాసిందని రాసిన్రు," అన్నాడు దర్జీ. "పొల్లే సదివి ఇనిపించింది నాకు. సదవని పొల్లకు బడి ఎందుకు?"

తను చదవలేదని మాస్టరు రాసిన మాట ఆ పిల్లే చదివి తండ్రికి వినిపించింది. ఆ దర్జీ ముందు బతిమాలాను. తెలివిగల పిల్ల, నేను చూసుకుంటాను, నా మాట మీద ఒక్క ఏడు అన్నాను. నాదే తప్పని మాత్రం అనలేదు. మాస్టరు తప్పు దిద్దాడని సందు సందంతా తెలిస్తే రేపు నా ముందు ఎవరు కూర్చుంటారని అప్పటి నా బుద్ధి. చివరికి ఆయన మెత్తబడ్డాడు. "ఒక్కటంటె ఒక్కటే ఏడు సారూ," అన్నాడు.

ఆ ఏడంతా ఆ పిల్ల తనకంటే చిన్నవాళ్ళ మధ్య కూర్చుంది. అడిగితే జవాబు చెప్పేది, అడగకపోతే లేదు. ఎన్నోసార్లు పిలిచి, అమ్మా, నువ్వు రాసిందే సరైనది అని చెప్పాలనుకున్నాను. ఎర్రసిరా కొట్టేసి ఆ కాగితం చేతికివ్వాలనుకున్నాను. ఈవాళ కాదు రేపు అనుకుంటూనే ఏడు గడిపేశాను. కాగితం నా పెట్టెలోనే ఉండిపోయింది.

మళ్ళీ పరీక్ష వచ్చింది. పిల్లలు కొత్తవాళ్ళే గదా, పాఠం అదే చాలు అన్నారు వకీలుగారు. పొద్దున్నే బోర్డు ముందు నిలబడ్డాను. చివరి పేరాకు వచ్చేసరికి నా చెయ్యి మళ్ళీ ఆగింది. ఈసారి మార్చేశాను: "నేయుటకు ముందే పడుగుకు గంజి పట్టించెదరు. దానివలన పోగులు తెగకుండును." రాసి, సుద్దపొడి దులుపుకుని, ఆ పిల్ల వైపు చూశాను. బోర్డునే చూస్తోంది. చెప్పలేని మాట బోర్డు మీద రాసేశాను, ఇక చాలు, ఆమెకు తెలిసిపోతుంది అనుకున్నాను. ఏడాదిగా గుండెల మీదున్న బరువు దిగినట్టయింది. దుప్పటి కప్పాను.

కాగితాలు దిద్దాను. ఈసారి మొదటి వాక్యంతో సహా, ప్రతి అక్షరం. అందరూ మామూలుగానే బట్టీ పట్టారు. అందరూ నేతకు ముందే అని రాశారు. ఆమె కాగితం కావాలనే చివరికి ఉంచుకున్నాను. తీసి చదివాను.

"నేసిన తర్వాత బట్టకు గంజి పెట్టి ఆరవేయుదురు. దానివలన బట్టకు మెరుపు కలుగును."

పైనుంచి కిందిదాకా కిందటేడు పాఠమే. ఈ ఏడు నేను సరిగ్గానే రాసిన చోట ఆమె "నూలు నూలు" అని రెండుసార్లు రాసింది. ఇంట్ల అన్న మాట లేదు, కని అన్న మాట లేదు. ఏడాది పొడుగునా అప్పజెప్పుకుని ఉంటుంది. కోపం వచ్చింది, వకీలుగారి మీద కాదు, ఆ పిల్ల మీదా కాదు. వకీలుగారి జవాబుతో చూస్తే ఆమె ఒక్కతే ఒప్పు, మిగతా తరగతంతా తప్పు. అందరికీ పూర్తి మార్కులు వేశాను, ఆమెకు కూడా.

వకీలుగారు వచ్చారు. పట్టీ మీద సంతకం పెట్టి, కాగితాల కట్ట తాడు కూడా విప్పకుండా పక్కకు తోసి వెళ్ళిపోయారు. కిందటేడు కూడా విప్పలేదని అప్పుడు మా బడి బంట్రోతు చెప్పాడు. ఆయన తిరగేసి చూస్తారనే నేను రెండేళ్ళు భయపడ్డాను.

చిట్టీలు ఇచ్చే రోజు ఆ పిల్లను వసారాలోకి పిలిచాను. చుట్టుపక్కల ఎవరూ లేకుండా చూసుకుని అడిగాను. "అమ్మా, ఈసారి బోర్డు మీద గంజి సంగతి వేరేగా ఉంది కదా. చదవలేదా?"

"సదివిన సారూ," అంది. "పోయినేడు గూడ సదివిన."

నేను చిట్టీ చేతికిచ్చాను. రెండు చేతులతో తీసుకుని, నాలుగు మడతలు పెట్టి, తండ్రి మిషను వైపు వెళ్ళిపోయింది.